పాత తీగల రెడ్ వైన్: మన ఎండలో దాచడం, మన మటన్ కూరతో తాగడం

దుబాయ్ నుంచి వచ్చే బామ్మర్దులు, అమెరికా నుంచి వచ్చే పిల్లలు ఈ మధ్య విస్కీతో పాటు రెడ్ వైన్ కూడా తెస్తున్నారు. సీసా ఇంటికి చేరగానే హన్మకొండలో నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, నూరేండ్ల ద్రాక్ష తీగదంట, మస్తు ఖరీదంట. ఎట్ల తాగాలె?" దుబాయ్‌లో ఒక హోటల్ రెస్టారెంట్‌లో చాలా ఏళ్లు వైన్ వడ్డించి వచ్చిన మనిషిని కాబట్టి నన్ను అడుగుతారు. ఫోన్‌లో సగం సగం చెప్పేదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

వరంగల్ చేరిన ఇలాంటి సీసాకు రెండు గండాలుంటాయి. ఒకటి మన ఎండ, రెండోది మన కారం. పుస్తకాల్లో ఉండే సలహాలు చాలావరకు చల్లటి దేశాల వాళ్లు, కారం తక్కువ తినేవాళ్లు రాసుకున్నవి. వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే మంచి వైన్ మన చేతుల్లోనే పాడవుతుంది.

సీసా మీద ఏం చదవాలి

ముందు సంవత్సరం చూడండి. 2021 అని ఉంటే అది ద్రాక్ష కోసిన సంవత్సరం. తీగ వయసుకు, దానికి సంబంధం లేదు. మొన్న మొన్న తయారైన వైన్ కూడా నూరేళ్ల తీగది కావచ్చు. ఈ తేడా తెలియక "పాతది గదా, ఇంకో పదేండ్లు దాస్తే ఇంకా మంచిగైతది" అని బీరువాలో పెట్టి మరిచిపోయేవాళ్లు చాలామంది. చల్లటి నేలమాళిగ ఉంటే అది సరే. మన ఇళ్లలో మాత్రం ఒక్క ఎండాకాలం చాలు, పాడవడానికి. వచ్చిన ఏడాదిలోపు తాగేయండి.

తీగ వయసు గురించి ఇంగ్లిష్ సీసాల మీద "ఓల్డ్ వైన్" (Old Vine, ఇక్కడ వైన్ అంటే తీగ, తాగే వైన్ కాదు) అని, ఫ్రెంచ్ సీసాల మీద "వియేయ్ విన్య్" అని, స్పెయిన్ సీసాల మీద "విన్యాస్ వియెహాస్" అని ఉంటుంది. చాలా దేశాల్లో ఇన్నేళ్లు దాటితేనే ఈ మాట రాయాలి అనే చట్టం లేదు. అందుకని అంకె చెప్పే సీసాను ఎక్కువ నమ్ముతాను. ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో 2009లో ఒక పద్ధతి పెట్టుకున్నారు: 35 ఏళ్లు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటినేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. దక్షిణాఫ్రికాలో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ వాళ్లు 35 ఏళ్లు నిండిన తోటల సీసాలకు ఒక ముద్ర అంటిస్తారు, దాని మీద తోట నాటిన సంవత్సరం కూడా ఉంటుంది. వైన్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఓఐవీ కూడా 2024లో ఆ 35 ఏళ్ల లెక్కనే తీసుకుంది. తోటలో కనీసం 85 శాతం తీగలు ఆ వయసువైతేనే దాన్ని పాత తోట అనాలని చెప్పింది.

ఇలాంటి తోటలు ఎందుకు అరుదో కూడా తెలిస్తే సీసా విలువ అర్థమవుతుంది. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే చిన్న పురుగు అమెరికా నుంచి యూరప్‌కు చేరి, వేర్లను తినేసి, తోటలకు తోటలనే చంపేసింది. చివరికి అమెరికా ద్రాక్ష వేరుకు యూరప్ తీగను అంటుకట్టి బతికించుకున్నారు. పురుగు చేరని చోట్లు కొన్ని మిగిలాయి. దక్షిణ ఆస్ట్రేలియా అలా మిగిలిందే. అందుకే బరోసాలో 1843లో నాటిన షిరాజ్ అనే రకం ద్రాక్ష తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. ఇసుక నేలల్లో ఆ పురుగు బతకలేదు కాబట్టి అక్కడక్కడా పాత తీగలు సొంత వేర్ల మీదే నిలిచాయి. కాలిఫోర్నియాలోని లోడైలో జిన్‌ఫాండెల్ అనే రకం ద్రాక్ష తోటలు కొన్ని అలాంటివే.

ముసలి తీగ కాపు తక్కువ. గుత్తులు కొన్నే, కాయలూ చాలాసార్లు చిన్నవి. కాయ చిన్నదైతే రసం తక్కువ, తోలు వాటా ఎక్కువ. రంగు, వగరు ఎక్కువగా వచ్చేది తోలు నుంచే. వేర్లు లోతుకు పోయి ఉంటాయి కాబట్టి వాన లేని ఏడాది కూడా తీగ తట్టుకుంటుంది. అందుకే ఈ వైన్‌లు చిక్కగా, నోటి నిండా ఉంటాయి. తీగ వయసు ఒక్కటే చూసి కొనకండి, చెడ్డగా చేసిన పాత తీగల వైన్ కూడా ఉంటుంది. బరోసా షిరాజ్, స్పెయిన్‌లో ప్రియొరాట్ ప్రాంతపు గ్రెనాష్ (ఇదీ ఒక ద్రాక్ష రకమే), లోడై జిన్‌ఫాండెల్, ఈ మూడింట్లో ఏది దొరికినా మొదటి సీసాగా ధైర్యంగా తీసుకోవచ్చు. ఆల్కహాల్ 14 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, సీసా వెనక చూడండి.

మన దేశంలో ఇంత పాత వైన్ తోటలు దొరకడం కష్టం. ఇక్కడ తీగకు చలికాలపు నిద్ర లేదు. మహారాష్ట్రలో ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరిస్తారు, తీగకు విశ్రాంతి దొరకదు. అయినా ఖరీదైన సీసా తెరిచే ముందు చేతికి, నాలుకకు అలవాటు కావాలంటే నాసిక్ వైపు సూలా వాళ్ల రాసా షిరాజ్, నంది హిల్స్ వైపు గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్ తెచ్చుకోండి. రెండూ చిక్కటి రెడ్ వైన్‌లే. కింద చెప్పేవన్నీ ముందు వాటితో చేసి చూడండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి

విదేశం నుంచి వచ్చేవాళ్లు డ్యూటీ కట్టకుండా మనిషికి రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 750 మిల్లీ సీసాలైతే రెండు. మూడోది పెడితే లెక్క దాటుతుంది. విస్కీ కూడా ఆ రెండు లీటర్లలోకే వస్తుంది, ముందే చెప్పండి.

శంషాబాద్‌లో దిగాక అసలు ప్రమాదం మొదలవుతుంది. సూట్‌కేస్ డిక్కీలో వేస్తారు, ఘట్‌కేసర్ దాటి భువనగిరి దగ్గర టిఫిన్‌కు ఆపుతారు, కారు ఎండలో నిలబడుతుంది. మే నెలలో మూసిన కారు లోపల 50 డిగ్రీలు సులభంగా దాటుతుంది. వైన్ ఉడికిపోవడానికి గంట చాలు. సీసాను టవల్‌లో చుట్టి ఏసీ తగిలేలా సీటు కింద పెట్టుకోండి. టిఫిన్‌కు దిగితే సంచిలో వేసుకుని మీతో పాటే తీసుకెళ్లండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వేడికి దెబ్బతిన్న సీసాను గుర్తుపట్టవచ్చు. బిరడా మూతి కన్నా పైకి ఉబ్బి ఉంటుంది, లేదా మూతి చుట్టూ జిగురుగా కారిన మరక ఉంటుంది. తాగితే ఎండు ద్రాక్ష ఉడకబెట్టిన రుచి వస్తుంది, తాజా పండు వాసన పోతుంది. ఇక్కడి షాపులో కొనేటప్పుడు కూడా ఈ రెండూ చూడండి. వీధి వైపు ఎండ పడే అద్దాల అల్మారాలో నిలబెట్టిన సీసాను ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.

ఇంట్లో దాచే చోటు

వంటింటి సజ్జ మీద, ఫ్రిజ్ మీద, గ్యాస్ పొయ్యి పక్కన పెట్టకండి. కిటికీ లేని గోడ పక్కన బీరువా కింది అర మంచిది, నేలకు దగ్గరగా చల్లగా ఉంటుంది. బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టండి, లోపలి వైన్ బిరడాను తడిపి ఉంచుతుంది. మర మూత సీసా ఎలా పెట్టినా ఒకటే. న్యూస్‌పేపర్‌లో చుట్టి అట్టపెట్టెలో పెడితే వెలుతురు తగలదు.

మార్చి నుంచి జూన్ వానలు పడేదాకా మాత్రం ఈ ఏర్పాటు చాలదు. హన్మకొండలో మధ్యాహ్నం 42, 43 డిగ్రీలున్నప్పుడు గదిలోపల బీరువా కూడా వేడెక్కుతుంది. ఆ నెలల్లో సీసాను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. నెలల తరబడి ఫ్రిజ్‌లో ఉంటే బిరడా ఎండుతుంది కాబట్టి పెద్ద పెద్ద వైన్ వాళ్లు దీనికి ఒప్పుకోరు. వాళ్ల మాటలో నిజముంది. కానీ నలభై డిగ్రీల గది చేసే నష్టం ముందు అది ఎంతో తక్కువ.

ఎంత చల్లగా ఉండాలి

మా బామ్మర్ది ప్రతిసారీ అడుగుతాడు: "బావా, రెడ్ వైన్ రూం టెంపరేచర్ల తాగాలంటరు గదా, నువ్వేంది ఫ్రిజ్‌ల పెడుతున్నవ్?" ఆ మాట పుట్టిన ఇళ్లలో గది 17, 18 డిగ్రీలు ఉండేది. మన గది సంక్రాంతికి కూడా అంత చల్లగా ఉండదు. చిక్కటి రెడ్ వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. అంతకన్నా వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి పండు వాసన మాయమవుతుంది. మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది, వగరు మాత్రం నాలుకను, చిగుళ్లను పట్టేస్తుంది.

ఎండాకాలం గదిలో ఉన్న సీసానైతే ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర పెట్టండి. చలికాలం ముప్పావు గంట చాలు. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం నీళ్లు, సగం ఐస్ వేసి సీసాను మెడ దాకా ముంచండి, పదిహేను ఇరవై నిమిషాల్లో దిగుతుంది. ఉత్త ఐస్ ముక్కల కన్నా నీళ్లు కలిసిన ఐస్ సీసా చుట్టూ బాగా తగులుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, మరిచిపోతే సీసా పగులుతుంది. కొన్ని రోజులుగా ఫ్రిజ్‌లోనే ఉన్న సీసానైతే తాగే ముందు ఎండాకాలం ఇరవై నిమిషాలు, చలికాలం గంట బయట ఉంచండి.

థర్మామీటర్ లేకపోతే అరచేయి ఉంది. సీసా పట్టుకుంటే రంజన్ నీళ్ల కన్నా ఇంకొంచెం చల్లగా తగలాలి. చెయ్యి జివ్వుమంటే ఎక్కువ చల్లబడినట్టు.

గ్లాసులో ఐస్ వేయకండి, సోడా కలపకండి. నూరేళ్లు ఒక కుటుంబం కత్తిరించి కాపాడిన తీగ తన రసంలో నీళ్లు తగ్గించుకుని ఆ చిక్కదనం ఇచ్చింది. మనం మళ్లీ నీళ్లు పోస్తే ఆ కష్టమంతా పోతుంది. చల్లదనం కావాలంటే గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుని, సీసాను ఐస్ నీళ్లలో ఉంచండి.

బిరడా తీయడం

వెయిటర్లు వాడే మడత ఓపెనర్ కొనుక్కోండి, రెండు మెట్లు ఉన్నది. రెక్కల ఓపెనర్ కన్నా ఇది చేతికి మాట వింటుంది. సీసా మూతి కింద ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది కదా, దాని కింది అంచు దగ్గర చిన్న కత్తితో రేకును చుట్టూ కోయండి. పై అంచు దగ్గర కోస్తే పోసేటప్పుడు వైన్ రేకును తాకుతుంది. మూతిని తడి గుడ్డతో తుడవండి.

స్క్రూ మొనను బిరడాకు నట్టనడుమ పెట్టి, మొదటి తిప్పు వరకు కొంచెం వాలుగా పట్టి, తర్వాత నిటారుగా చేసి తిప్పండి. స్క్రూలో ఒక్క చుట్టు బయట మిగలగానే ఆపండి. పూర్తిగా దింపితే అడుగు నుంచి పొడి వైన్‌లో రాలుతుంది. మొదటి మెట్టును సీసా మూతికి ఆనించి పైకి లేపండి, సగం వచ్చాక రెండో మెట్టు మార్చండి. చివర్లో ఓపెనర్‌తో లాగకుండా బిరడాను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా తీయండి. సీసాను కాళ్ల మధ్య బిగించి లాగే అలవాటు మానుకోండి, ఆ కుదుపుకు అడుగున ఉన్న మడ్డి లేస్తుంది.

తీసిన వెంటనే రెండు గుక్కలు పోసుకుని వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన, మూసేసిన గదిలో వచ్చే ముక్కిపోయిన వాసన వస్తే అది బిరడా లోపం. గాలి తగిలినా పోదు. అతిథులకు అది పోయకండి, వేరే సీసా తెరవండి.

బాగుంటే మొత్తం వైన్‌ను ఒక గాజు జగ్గులోకి మెల్లగా వంచండి. డికాంటర్ (వైన్ వంచుకునే గాజు కూజా) కొననక్కర్లేదు, శుభ్రమైన నీళ్ల జగ్గు చాలు, సబ్బు వాసన లేకుండా వేడి నీళ్లతో కడగండి. అడుగున మడ్డి కనిపిస్తే అక్కడ ఆపేయండి. కొత్తగా వచ్చిన చిక్కటి వైన్‌కు గంట సేపు గాలి తగిలితే వగరు మెత్తబడి, లోపల దాక్కున్న వాసనలు బయటికి వస్తాయి. ఆ గంటలో మన గదిలో మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి జగ్గును ఐస్ నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి, చల్లబడగానే తీసి, వేడెక్కుతుంటే మళ్లీ పెట్టండి. ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టారో, అల్లం వెల్లుల్లి ముద్ద వాసన అంతా వైన్‌కు పడుతుంది.

స్టీలు గ్లాసులు వద్దు. కడుపు వెడల్పుగా, మూతి కొంచెం ఇరుకుగా ఉన్న గాజు గ్లాసు తీసుకుని మూడో వంతు మాత్రమే నింపండి. మిగతా ఖాళీ వాసన కోసం.

పక్కన ఏం పెట్టాలి

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. వగరు, ఆల్కహాల్ రెండూ కారం మంటను పెంచుతాయి. పచ్చిమిర్చి దంచి వేసిన వేపుడు తిని ఈ వైన్ గుక్కేస్తే నోరు భగ్గుమంటుంది, వైన్ రుచే తెలియదు. కారం లేకుండా మన కూర ఎట్లా అంటారా? వరంగల్ చపాటా మిర్చి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో టమాటా మిర్చి అంటారు, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కాయ లావుగా, టమాటాలా ఎర్రగా ఉంటుంది, రంగు బాగా దిగుతుంది, మంట మాత్రం చాలా తక్కువ. ఈ వైన్‌కు ఇంతకన్నా మంచి మిర్చి నాకు తెలియదు.

కిలో మటన్ తీసుకోండి. ఛాతి ముక్కలు, నల్లి బొక్కలు కలిపి కొట్టించండి, కొవ్వు తీసేయవద్దు. వగరును మెత్తబరిచేది మాంసం, ఆ కొవ్వే. ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి వేసి, చపాటా కారం రెండు స్పూన్లు, మామూలు కారం అర స్పూను వేయండి. మాంసాన్ని అందులో నీళ్లు ఇగిరేదాకా వేయించాలి, అడుగున ముదురు రంగు తిరగాలి. ఆ మాడీ మాడని రుచికీ ఈ వైన్‌కూ బాగా కలుస్తుంది. తర్వాత ధనియాల పొడి, ఎండు కుడుక పొడి, కొంచెం గసాలు వేసి సన్న మంట మీద మెత్తగా ఉడికించండి. చింతపండు, ఎక్కువ టమాటా వద్దు. దించే ముందు మిరియాలు బరకగా దంచి వేయండి. షిరాజ్‌లో వచ్చే మిరియాల వాసనకు రోటుండోన్ అనే పదార్థం కారణమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో బయటపెట్టారు. మిరియాల్లో ఉన్నదీ అదే. పక్కన బగారన్నం చేయండి, పచ్చిమిర్చి లేకుండా.

పుంటికూర మటన్ నాకు ప్రాణం, కానీ ఈ వైన్ పక్కన పెట్టను. అంత పులుపు ముందు ఈ వైన్ చప్పగా తేలిపోతుంది. పచ్చిపులుసు, చేపల పులుసు కూడా అంతే, చేపతో అయితే వగరు ఇనుప రుచిలా మారుతుంది. ఆవకాయ, ఎల్లిపాయ కారం ఆ పూటకు టేబుల్ మీదకే రానీయకండి.

మాంసం తినని వాళ్లకు నువ్వులు, పల్లీలు దట్టంగా వేసిన గుత్తి వంకాయ బాగుంటుంది, పులుపు తగ్గించి చేస్తే. వేయించిన పుట్టగొడుగులు మిరియాలతో ఇంకా బాగుంటాయి. మొదట నంజుకోవడానికి సకినాలు, ఉప్పు వేసిన పల్లీలు పెట్టండి. కార్జం వేపుడు పెడితే మిరియాలతోనే చేయండి.

ఎంత తాగాలి

14.5 శాతం ఉన్న ఒక సీసాలో ఆల్కహాల్, 5 శాతం ఉన్న 650 మిల్లీ బీరు సీసాలు మూడింటి కన్నా ఎక్కువ. తియ్యటి పండు వాసనకు మోసపోయి బీరులా గటగటా తాగితే లేవలేరు. మనిషికి 120 నుంచి 150 మిల్లీ పోస్తే ఒక సీసా ఐదారుగురికి వస్తుంది, అది సరైన లెక్క. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయకూడదు, తాగినవాళ్ల చేతికి బండి తాళాలు ఇవ్వకూడదు. "రెడ్ వైన్ గుండెకు మంచిదంట గదా" అని మా చిన్నాయన వయసు వాళ్లు అడుగుతుంటారు. మందులా తాగొద్దని చెప్తాను. ఆల్కహాల్ ఏ కొంచెమైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. రుచి కోసం, నలుగురితో కూర్చున్నప్పుడు, కొంచెం.

సీసాలో మిగిలితే

జగ్గులో మిగిలింది తిరిగి సీసాలో పోసి, అదే బిరడాను తిప్పి కొట్టి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. చిక్కటి రెడ్ వైన్ మూడు నుంచి ఐదు రోజులు నిలుస్తుంది, రెండో రోజు కొన్ని ఇంకా బాగుంటాయి. తర్వాత పులుపు తిరుగుతుంది. అప్పుడు పారబోయకండి, మటన్ వేయించేటప్పుడు నీళ్లు ఇగిరాక ఒక గ్లాసు పోసి, మూత తీసి, ఘాటు పోయేదాకా మరిగించి, ఆ తర్వాతే మూత పెట్టండి. వైన్ పోసిన రోజు కూరలో టమాటా కూడా వేయనక్కర్లేదు.